ఏడో కాగితం, కింది కుడి మూల

చిక్కడపల్లి,
23 నవంబర్ 1993

అత్తమ్మకు తన్మయి నమస్కారాలు.

నువ్వు పంపిన పన్నెండు ఫిల్ములూ ఒక్క గీత కూడా పడకుండా చేరాయి. మా క్షేమం తర్వాత రాస్తాను. ముందు ఫిల్ముల సంగతి రాయకపోతే నువ్వు ఉత్తరం మధ్యలోంచి చదవడం మొదలుపెడతావని నాకు తెలుసు.

నాన్న నిన్న పన్నెండింటినీ పెద్ద కాగితాల మీద అచ్చు వేశాడు. మీ కొండ మీద అబ్జర్వేటరీలో ఫోటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జర్ బల్బు పోయి మూడు నెలలైనా కొత్తది మంజూరు కాలేదని చెబితే ముందు నమ్మలేదు. తర్వాత "చుక్కలు చూసెటోళ్లకు బల్బు దొర్కలేదా" అని నవ్వాడు. కాగితాలు ఆరగానే తీసుకోబోతే, "జర ఆగు, ఇంక పనున్నది" అన్నాడు. నేను ఆగలేదు. నారాయణగూడ స్టూడియో బోర్డు మీద నీ పేరు ఉండగా నీ పనికి ఆలస్యం ఏమిటి?

నా పని ఎలా సాగుతోందో చెబుతాను. కాలేజీ రెండింటికి వదులుతుంది. అక్కడి నుంచి స్టూడియోకు నడిచిపోతాను. వెనక గదిలో కిటికీ కింద నాన్న టచింగ్ బల్ల ఉంది కదా, పెళ్లి ఫోటోల మీద దుమ్ము వల్ల పడిన తెల్ల చుక్కల్ని సన్న కుంచెతో నింపే బల్ల. దాని మీదే కాగితం పరిచి, నాన్న భూతద్దమే కంటికి ఆనించుకుని, గీత తర్వాత గీత చూస్తాను. ఆరింటికి అన్నీ అక్కడే వదిలి ఇంటికి వస్తాను. ఇంట్లో నానమ్మ బియ్యం ఎక్కడ పడితే అక్కడ ఎండబోస్తుంది, ఇక్కడ చోటు లేదు.

నాకు అర్థమైంది సరిగ్గా ఉందో లేదో చూడు. ఒక్కో నక్షత్రం వెలుగు పట్టకంలోంచి వచ్చి చిన్న నల్ల గీతగా పడింది. గీతలో రెండు తెల్ల చీలికలు. కుడిదాంట్లో హైడ్రోజన్ కూడా కలిసి ఉంటుంది, దాన్ని నమ్మకూడదు. ఎడమది కాల్షియం చేసిన చీలిక. మొదట లోకంలో ఉన్నది హైడ్రోజన్, హీలియం మాత్రమే. మిగిలినవన్నీ నక్షత్రాల కడుపులో ఉడికి బయటికి వచ్చాయి. కాబట్టి ఎడమ చీలిక లేని గీత దొరికితే, అది వంట మొదలవుతున్న కాలంలో పుట్టిన నక్షత్రం కావచ్చు. మీరు ఆ మిగిలినవాటన్నిటినీ లోహాలే అంటారని మా కెమిస్ట్రీ మేడంతో చెప్పాను. ఆక్సిజన్ కూడానా అని అడిగారు. అవునన్నాను. ఆమె నన్ను కూర్చోమన్నారు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. 'లోహాలు తక్కువగా ఉన్న నక్షత్రం' అని ప్రతిసారీ రాయడం నాకు నచ్చలేదు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో మూడు రోజులు నిఘంటువులు తిరగేశాను. నిర్లోహం అందామంటే బొత్తిగా లేనట్టు అవుతుంది. అల్పలోహం అంటే మందు సీసా పేరులా ఉంది. చివరికి రిక్తం దొరికింది. రిక్తం అంటే ఖాళీ అయినది. రిక్త తార. పైకి పలికి చూడు అత్తమ్మా, నోరు కూడా కాసేపు ఖాళీ అవుతుంది. (దీని గురించి వెనక పేజీలో ఇంకా రాశాను.)

నానమ్మకు కూడా చెప్పాను. "కోట్ల చుక్కలుంటే లేనోళ్ల ఇండ్లు ఎతుక్కుంట తిరిగేది నా బిడ్డ ఒక్కతే" అంది. చలికి నీ మోకాళ్లు ఎలా ఉన్నాయో రాయమంది.

నీ రెండో కన్ను,
తన్మయి

*

కొండ మీద నుంచి,
1 డిసెంబర్ 1993

తనూకు ఆశీస్సులు.

నీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో రిక్తం అనే మాట గురించి పేజీన్నర. నక్షత్రాల నంబర్లు సున్నా. పేరు తర్వాత పెడుదువు గాని, ముందు పేరు పెట్టడానికి ఏదైనా దొరకనీ.

నేను ముందే వివరంగా రాయాల్సింది, రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను, దీన్ని పోగొట్టకు. మా పనిలో ఆకాశాన్ని ఫోటో తీసిన ఒకే గాజు పలకను ఇద్దరు విడివిడిగా చూస్తారు. ఒకరి పట్టిక ఒకరికి చూపించరు. ఇద్దరి పట్టికలోనూ ఉన్న నక్షత్రాన్నే పెద్ద టెలిస్కోపుతో చూస్తారు. నాకు రెండో కన్నుగా ఉన్న పవన్‌కుమార్‌కు అక్టోబర్‌లో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. వెళ్లిపోయాడు. అసలు గాజు పలకల్ని అప్పిచ్చినవాళ్లు దీపావళికి ముందే తీసుకుపోయారు. అప్పటికి నేను ఆరు మాత్రమే చూడగలిగాను. అంటే ఒకటి నుంచి ఆరు దాకా నువ్వు రెండో కన్నువి. ఏడు నుంచి పన్నెండు దాకా నువ్వే ఒక్క కన్నువి. నా దగ్గర వాటికి వేరే నకళ్లు లేవు. ఉన్నవి మీ నాన్న దగ్గరున్న ఫిల్ములే. అందుకని వాటిని వెంటనే తిప్పి పంపమని చెప్పు. నేనూ కార్డు రాస్తున్నాను.

ఇది ఎందుకంత అవసరమో కూడా చెబుతాను. డిసెంబర్ 20 లోపు పట్టిక ఇవ్వాలి. నాకు పెద్ద టెలిస్కోపు మీద రెండు రాత్రులు ఇచ్చారు. జనవరి అమావాస్యకు ఒకటి, ఫిబ్రవరి అమావాస్యకు ఒకటి. నాలుగేళ్లుగా నేను చూపించిన నక్షత్రాల్లో ఒక్కటీ నిలవలేదు. ఈసారి ఒక్కటైనా నిలవకపోతే మార్చితో ఈ వెతుకులాట మూసేస్తామని కమిటీ రాతపూర్వకంగా చెప్పింది. నన్ను సూర్యుడి విభాగానికి మారుస్తారట. పగటి ఉద్యోగం. అమ్మతో అనకు, కొబ్బరికాయ కొడుతుంది.

మోకాళ్లు బాగానే ఉన్నాయి. నంబర్లు పంపు.

జయశ్రీ అత్త

*

చిక్కడపల్లి,
10 డిసెంబర్ 1993

అత్తమ్మకు నమస్కారాలు.

నువ్వు తిట్టినట్టే నంబర్లతో మొదలుపెడుతున్నాను. ఒకటి నుంచి ఆరు కాగితాల్లో నాకు దొరికినవి నాలుగు. కాగితం అంచుల నుంచి వాటి కొలతలు విడిగా కవరులో పెట్టి అంటించాను. నీ పట్టిక పక్కన పెట్టుకున్నాకే తెరువు.

ఇప్పుడు ఏడో కాగితం. అత్తమ్మా, కూర్చుని చదువు.

శుక్రవారం ఏడో కాగితాన్ని పైనుంచి మొదలుపెట్టాను. సోమవారానికి సగం అయింది, ఏమీ లేదు. మంగళ, బుధవారాలు మాకు పరీక్షలు. నిన్న మళ్లీ కూర్చున్నాను. కింది కుడి మూలకు వచ్చేసరికి ఒక గీతలో ఎడమ చీలిక లేదు. పక్క గీతలోనూ లేదు. దాని కిందదాంట్లోనూ లేదు. భూతద్దం తుడిచాను. కళ్లు కడుక్కుని వచ్చాను. ఆ మూలలో సన్నవి, అలుక్కుపోయినవి చాలా ఉన్నాయి, వాటిని లెక్కలోకి తీసుకోలేదు. లావుగా, స్పష్టంగా ఉన్న పన్నెండు గీతల్లోనూ కుడి చీలిక మాత్రమే ఉంది. పన్నెండు! ఒకే మూలలో, ఆదికాలపు నక్షత్రాలు ఒక గల్లీ కట్టుకుని ఉన్నట్టు. కొలతలు కింద రాశాను, ఒకటి నుంచి పన్నెండు దాకా వరుసగా. ఒక్క విశేషణం కూడా వాడలేదు చూడు.

ఎనిమిది నుంచి పన్నెండు కాగితాల్లో ఇంకా ఏమీ దొరకలేదు. ఏడో కాగితం పాడవుతుందేమోనని అన్నిటినీ నిన్ననే ఇంటికి తెచ్చి బట్టల బీరువాలో పెట్టాను.

ఫిల్ముల గురించి నాన్నను అడిగాను. మూఢం రాకముందే అందరూ పెళ్లిళ్లు పెట్టుకున్నారట, అశోక్‌నగర్‌లోనే ఒక్క గురువారం నాలుగు. చేతిలో కుంచె, కుంచె కొనను నాలుకతో తడిపి తడిపి నాలుక చివర నల్లగా, అలాగే నావైపు చూసి "పంపిస్త తియ్" అన్నాడు. అవి డార్క్‌రూమ్ బీరువాలో ఉన్నాయి. తాళం నాన్న మొలతాడుకు ఉంటుంది.

నీ కన్ను,
తన్మయి

*

కొండ మీద నుంచి,
15 డిసెంబర్ 1993

తనూ,

కూర్చునే చదివాను. చదివి లేచాను. మళ్లీ కూర్చున్నాను.

ఒక మూలలో పన్నెండా? ఇటువంటి నక్షత్రాలు లక్షల్లో ఒకటి కూడా ఉండవు. నువ్వు కాగితాన్ని తలకిందులుగా పట్టుకున్నావా? అప్పుడు ఎడమ కుడి అవుతుంది. ఎండ నేరుగా పడుతుంటే చూశావా? పరీక్షలకు చదివి నిద్రలేని కళ్లతో చూశావా? మళ్లీ చూడు. వేరే రోజు, వేరే వెలుతురులో, కాగితాన్ని నాలుగు వైపులా తిప్పి చూడు.

ఒకటి నుంచి ఆరు కాగితాల్లో నీ నాలుగింటిలో రెండు నా పట్టికలోనూ ఉన్నాయి. ఆ రెండూ పాత సంగతులే, బాగా వేడి నక్షత్రాలు. వేడి ఎక్కువైనా ఆ చీలిక కనబడదు. అంటే నా చేతిలో ఏమీ లేదు, నీ ఏడో కాగితం తప్ప.

మీ నాన్నకు మూడు కార్డులు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఆ ఫిల్ము ఒక్క అరగంట నా కళ్ల ముందు ఉంటే ఈ ఉత్తరమే అక్కర్లేదు. పెళ్లివాళ్ల ఆల్బంలు ఆగవు కానీ నా నాలుగేళ్లు ఆగవచ్చన్నమాట.

20వ తేదీలోగా ఫిల్ములు రాకపోతే, నియమం తప్పి, నీ ఒక్క కంటి మీద ఆ పన్నెండింటినీ పట్టికలో పెడతాను. మరో దారి లేదు. ఇది రాస్తుంటే నా చేతికే నచ్చడం లేదు.

అత్త

*

చిక్కడపల్లి,
26 డిసెంబర్ 1993

అత్తమ్మకు నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే మూడుసార్లు చూశాను. డాబా మీద పొద్దున, వంటింట్లో మధ్యాహ్నం, లైబ్రరీలో ట్యూబులైటు కింద సాయంత్రం. తలకిందులుగా పట్టుకోలేదు. కాగితం వెనక నాన్న పెన్సిల్‌తో బాణం గుర్తు వేసి ఉంచాడు. పన్నెండింటిలోనూ ఎడమ చీలిక లేదు. లైబ్రరీలో పక్కన కూర్చున్న పెద్దాయన, పోటీ పరీక్షలకు చదువుతున్నావా అమ్మా, ఏ సబ్జెక్టు అని అడిగారు. లేనిదాన్ని వెతుకుతున్నానని చెప్పాను. అయితే గవర్నమెంటు ఉద్యోగమే అన్నారు.

ఫిల్ముల విషయం చెడిపోయింది. చెప్పడానికి నాకు భయంగానే ఉంది. నీ మూడు కార్డులూ నాన్న ఒకే రోజు చదివాడు. ఫిల్ములు తిప్పి పంపు, ఫిల్ములు తిప్పి పంపు అని మూడుసార్లు ఉండేసరికి, తన అచ్చులు నీకు నచ్చలేదని, వేరే చోట వేయించుకుంటావని అనుకున్నాడు. కాదని చెప్పాను. వినలేదు. తాతయ్య చేతిలోంచి తీసుకున్న స్టూడియో, ముప్పై ఏళ్లలో ఒక్క ఫోటో వెనక్కి రాలేదట. "అడగకముందే చేసిన పనికి ఒక్క మాట రాయలే. ఫిల్ములు కావాల్నంటే వచ్చి చేతుల తీస్కపొమ్మను" అన్నాడు. రాత్రంతా మేలుకుని అచ్చు వేసి ఇచ్చినందుకు నువ్వు మెచ్చుకోలేదని బాధ. ఒక్క వాక్యం రాయి అత్తమ్మా, 'అచ్చులు బాగున్నాయి' అని. రెండు మాటలే.

నానమ్మ ఇద్దరినీ తిడుతోంది. "చిన్నప్పుడు పెన్సిల్ ముక్కకు కొట్టుకున్నరు, గిప్పుడు చుక్కలకు కొట్టుకుంటున్నరు" అంటోంది.

నీకు ఇచ్చిన జనవరి 12వ తేదీ రాత్రి మబ్బు పట్టకూడదని ఇక్కడ నేను రోజూ ఆకాశం చూస్తున్నాను. ఇక్కడి ఆకాశానికీ అక్కడి ఆకాశానికీ సంబంధం లేదని తెలుసు. అయినా చూస్తున్నాను.

తన్మయి

*

కొండ మీద నుంచి,
14 జనవరి 1994

తన్మయికి,

12వ తేదీ రాత్రి మబ్బు లేదు. గాలి లేదు. ఏడేళ్లలో ఇంత మంచి రాత్రి చూడలేదు. అదే నా బాధ.

నీ పన్నెండులో మొదటి అయిదు నక్షత్రాల్ని చూశాను. అయిదింటిలోనూ కాల్షియం ఉంది. ఉందో లేదో అన్నట్టు కాదు, సూర్యుడిలో ఉన్నంత లావుగా ఉంది. మొదటిదాంట్లో కనబడగానే టెలిస్కోపు తప్పు నక్షత్రం మీద ఉందేమోనని మళ్లీ సరిచూశాం. రెండోదాంట్లో కనబడ్డాక ఎవరూ సరిచూడలేదు. అయిదోది అయ్యాక నాతో ఉన్న సహాయకుడు ఫ్లాస్కులోంచి టీ పోసి నా పక్కన పెట్టి బయటికి వెళ్లాడు. తిట్టినా బాగుండేది.

పొద్దున కమిటీ పెద్ద నన్ను పిలిపించి, ఈ పలకకు రెండో కన్ను ఎవరని అడిగారు. రెండో కన్ను లేదన్నాను. మొదటి కన్ను ఎవరన్నారు. మా అన్న కూతురు, బీఎస్సీ మొదటి సంవత్సరం అన్నాను. ఆయన పెన్ను మూత పెట్టేశారు.

నిన్ను ఒక్క మాట అడుగుతాను, కోపంతోనే అడుగుతున్నాను. నువ్వు కాగితం మీద చూసింది రాశావా, చూడాలనుకున్నది రాశావా? చూడకముందే ఖాళీ అని పేరు పెట్టుకున్నావు, తర్వాత ఎక్కడ చూసినా ఖాళీ కనబడింది. మాటల్లో అయితే అలా కుదురుతుంది. ఆకాశం నీ వ్యాసం కాదు.

తప్పు నాదే, నియమం తప్పింది నేను. ఫిబ్రవరి రాత్రిని వేరేవాళ్లకు వదిలేస్తున్నానని వచ్చే నెల 5వ తేదీన రాసి ఇస్తాను. ఇంక కాగితాలు చూడొద్దు. చదువుకో.

జయశ్రీ

*

చిక్కడపల్లి,
30 జనవరి 1994

అత్తమ్మకు,

నీ ఉత్తరానికి నాలుగు జవాబులు రాసి నాలుగూ చించేశాను. మొదటిదాంట్లో ఏడ్చాను, రెండోదాంట్లో పోట్లాడాను, మూడోదీ నాలుగోదీ బాగా రాశాను కాబట్టే చించేశాను. నేను చూసిందే రాశాను. దానికి సాక్ష్యం లేకుండా ఎంత బాగా రాసినా నువ్వు నమ్మవు, నమ్మకూడదు కూడా.

సాక్ష్యం గురువారం దొరికింది. ఇప్పుడు వరుసగా చెబుతాను.

భూతద్దం తిరిగి ఇద్దామని స్టూడియోకు పోయాను. నాన్న టచింగ్ బల్ల దగ్గర ఒక పెళ్లికొడుకు ఫోటో పెట్టుకుని ఉన్నాడు. నల్ల కోటు మీద దుమ్ము పడి తెల్ల చుక్క. నాన్న కుంచె కొనను నాలుకకు తాకించి, బొటనవేలి గోరు మీద రంగు సరిచూసి, చుక్క మీద రెండుసార్లు ఆనించాడు. చుక్క లేదు. అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టు నల్ల కోటు. ఆ పని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను అత్తమ్మా. అది ఏం మాయం చేస్తుందో మొదటిసారి చూశాను.

ఇంటికి పరుగెత్తి ఏడో కాగితం తెచ్చాను. నేరుగా కాకుండా, కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని కిటికీవైపు చూశాను. కాగితమంతా మెరుస్తోంది. కింది కుడి మూలలో, ఎడమ చీలికలు ఉండాల్సిన చోట, ఆవగింజలో సగమంత మేర మెరుపు లేదు.

"నాన్నా, దీని మీద నువ్వేమన్న చేసినవా?" అని అడిగాను.

"చేసిన" అన్నాడు, తల ఎత్తకుండా. "నువ్వు ఇంటికి పోయినంక మూడు దినాలు కూసున్న. ఆ మూలనే అయింది. లావుయే చేసిన, సన్నయిట్ల కుంచె పట్టది. మిగిలింది చేద్దామంటే కాగితాలు ఇంటికి తీస్కపోయినవ్."

"అవి దుమ్ము కాదు నాన్నా. అత్తమ్మ చూసేది అవే."

కుంచె నీళ్ల గ్లాసులో పెట్టాడు. కాగితాన్ని తనవైపు తిప్పుకున్నాడు.

"కుడిదిక్కుయి అన్నిట్ల ఒక్క తీరుగున్నయి. అవి బొమ్మల భాగమే అనుకున్న. ఎడమయి ఒకదాంట్ల సన్నగ, ఒకదాంట్ల లావుగ. గట్లుంటే దుమ్మే గద బిడ్డా. దుమ్ము కొట్టుకున్న ఫోటో నా చెల్లె పెద్దోళ్ల ముందల పెడ్తదా? అది మన స్టూడియో పేరే కాదు, దాని పేరు."

చేస్తే చేశావు, ఒక్క మాట చెప్పకూడదా అని అరిచాను. నేను నాన్న మీద అరవడం అదే మొదలు. టచింగ్ చేసినట్టు చెప్పుకుంటే ఇంక అది టచింగ్ ఏందన్నాడు. అడగకముందే చేసిన పని అని నాన్న అన్నది దీని గురించే. నేను అచ్చుల గురించి అనుకున్నాను. నీకూ అదే రాశాను.

అప్పుడు నేను దూది తడిపి తుడవడం మొదలుపెట్టాను. అది నీటి రంగే. మొదటి గీతలో తెల్ల చీలిక బయటపడింది. రెండోదాంట్లో, మూడోదాంట్లో, అన్నిటిలో. ఏడు దాటి ఎనిమిదో గీత దగ్గరికి వచ్చేసరికి నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"అది రుద్దకు. దాన్ని నేను ముట్టలే."

ఎందుకని అడిగాను.

"అదొక్కటి శుభ్రంగుండె. ఎడమ దిక్కు తెలుపే లేకుండె. ఇదొక్కటన్న సక్కగ అచ్చయిందని అప్పుడు సంబరపడ్డ."

భూతద్దం కూడా లేకుండా, కుంచె వెనక కొనతో చూపించాడు. నేను అడ్డంగా పట్టుకుని చూశాను. ఆ గీత మీద మెరుపు ఎక్కడా తెగలేదు. రంగు లేదు. దూదితో ఒక్కసారి మెల్లగా ఒత్తాను, దూది తెల్లగానే వచ్చింది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా మళ్లీ తుడిచాను. నాలుగింటిలోనూ చీలికలు వచ్చాయి.

పన్నెండులో పదకొండు నాన్నవి. ఎనిమిదోది కాదు. నువ్వు చూసిన అయిదింటిలో అది లేదు.

5వ తేదీ దాటితే ప్రయోజనం లేదని ఆ సాయంత్రమే పోస్టాఫీసుకు పోయి తంతి ఇచ్చాను. కిటికీలో ఉన్నాయన ఎవరన్నా పోయారా అమ్మా అని మెల్లగా అడిగారు. నేను రాసింది ఆరు మాటలు: ఏడో కాగితం, ఎనిమిది మాత్రమే, మిగతావి సిరా. ఇంతకంటే కష్టపడి నేను ఏదీ రాయలేదు.

నాన్న ఫిల్ములు శుక్రవారం పొద్దున రిజిస్టరు చేశాడు. పెట్టెలో దూది, దాని మీద బట్ట, దాని మీద మళ్లీ దూది పెట్టి తనే కుట్టాడు.

తన్మయి

*

కొండ మీద నుంచి,
13 ఫిబ్రవరి 1994

నా తనూకు,

ముందు నీ తంతి వచ్చింది. 'మిగతావి సిరా' అన్నది నాకు అర్థం కాలేదు. నువ్వు మళ్లీ కవిత్వం మొదలుపెట్టావని ఒళ్లు మండింది. రెండు రోజులు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగిన సహాయకుడు, ఎందుకైనా మంచిది, 5వ తేదీ కాగితం అప్పుడే ఇవ్వకండి మేడం అన్నాడు. 4వ తేదీన నీ ఉత్తరం, ఫిల్ముల పెట్టె కలిసి వచ్చాయి. పెట్టె విప్పడానికి పావుగంట పట్టింది. ఏడో ఫిల్మును దీపం మీద పెట్టాను. ఎనిమిదో గీతలో ఎడమ వైపు ఏమీ లేదు. ఈసారి ఇద్దరం చూశాం.

నువ్వు చూసిందే రాశావు. నేను రాసిన మాటను వెనక్కి తీసుకుంటున్నాను. నాలుగు జవాబులు చించేశావన్నావు కదా, ఆ రెండోది ఉంటే పంపు. పడాల్సిన తిట్లు పడతాను.

అన్నను ఏమనాలో తెలియక అయిదు రోజులు తిరిగాను. చివరికి నన్ను నేనే అనుకున్నాను. ఆ డార్క్‌రూమ్ పక్క గదిలో పుట్టి పెరిగినదాన్ని. నా పదో తరగతి హాల్ టికెట్ ఫోటోలో నా నుదుటి మీది మచ్చ లేదు. అన్న అప్పుడే పని నేర్చుకుంటున్నాడు, చెల్లెలి మొహం మీద మచ్చ ఎందుకని తీసేశాడు. పరీక్ష గది దగ్గర, ఫోటోలో ఉన్నది నువ్వు కాదని అరగంట నిలబెట్టారు. అటువంటి మనిషి చేతికి తెల్ల చీలికలున్న కాగితాలు ఇచ్చి, వాటిని ఏమీ చేయొద్దని చెప్పలేదు. ఆకాశంలో ఏది ఎక్కడ ఉందో చెప్పగలను కానీ, మా అన్న ఏం చేస్తాడో చెప్పలేకపోయాను.

ఇక అమావాస్య రాత్రి సంగతి. సాయంత్రం నుంచి మబ్బు. ఒంటిగంట దాకా టెలిస్కోపు గోపురం మూసుకుని కూర్చున్నాం. తర్వాత గంటన్నర తెరిపి ఇచ్చింది. ఉన్న సమయమంతా ఒక్క నక్షత్రానికే పెట్టాం. పెట్టడానికి ఇంకొకటి లేదు కదా. హైడ్రోజన్ గీతలు ఎలా ఉండాలో అలా ఉన్నాయి. వేడి నక్షత్రమేమోనని భయపడ్డాను, కాదు. కాల్షియం ఉండాల్సిన చోట వెంట్రుకలో సగమంత గుర్తు ఉంది. అంతే. ఇనుము కోసం వెతికితే చేతికి అందలేదు. సూర్యుడిలో ఉన్నదాంట్లో వెయ్యో వంతు కూడా ఉండదనిపిస్తోంది, లెక్క ఇంకా పూర్తి కాలేదు. మన సూర్యుడు పుట్టేనాటికే ఇది ముసలిది.

కమిటీ పెద్ద ఆ పటాన్ని కిటికీకి ఎత్తి చూశారు. పెన్ను మూత తీశారు. మార్చిలో మూయడం లేదు. వచ్చే శీతాకాలానికి ఆరు రాత్రులు ఇస్తున్నారు. అమ్మతో చెప్పు, సూర్యుడు కొన్నాళ్లు ఆగుతాడు.

రాత్రి చూసినవి రాసే పుస్తకంలో నక్షత్రం నంబరు పక్కన ఒక గడి ఖాళీగా ఉంటుంది. అందులో రిక్త అని రాశాను. తెలుగులోనే. ఎవరూ అడగలేదు.

ఆ వర్ణపటం ఫిల్ము ఇందులో పెడుతున్నాను. దాన్ని గోడకు పెట్టేంత పెద్దగా అచ్చు వేసి పంపమని అన్నతో చెప్పు. మా బల్బు ఇంకా రాలేదు. ఎర్ర సిరాతో రాస్తున్నాను, చదివి వినిపించు: టచింగ్ వద్దు. నవంబర్‌లో వేసిన అచ్చులు చాలా బాగున్నాయని కూడా వినిపించు. అది నల్ల సిరా, అయినా నిజమే.

నీ అత్త

*

చిక్కడపల్లి,
26 ఫిబ్రవరి 1994

అత్తమ్మకు నమస్కారాలు.

ఫోటో దీనితోనే గొట్టంలో చుట్టి పంపుతున్నాం. నాన్న నాలుగుసార్లు వేశాడు. మొదటి మూడూ నాకు ఒకేలా కనిపించాయి, నాన్నకు కనిపించలేదు. ఎర్ర సిరా మాట వినిపించాను. సరే అన్నాడు. నల్ల సిరా మాట వినిపించాను. రెండోసారి చదవమన్నాడు.

నానమ్మకు ఆ వెంట్రుకంత గుర్తు చూపించాను. "పాపం, ఇంత పెద్ద ముసలిదానికి గింతేనా" అంది. తర్వాత, "అయినా మన జయ కంట్ల పడ్డది, అదృష్టవంతురాలు" అంది.

రెండో జవాబు ఉంది, అబద్ధం చెప్పాను, చించలేదు. పంపను. అందులో విశేషణాలు ఎక్కువ.

ఎనిమిది నుంచి పన్నెండు కాగితాల్ని మళ్లీ మొదటి నుంచి చూస్తున్నాను, ఈసారి ఇంట్లో, బీరువాకు తాళం వేసి. తాళం నా మెడలో ఉంది. నీకు ఫిల్ములు ఉన్నాయి కాబట్టి నువ్వూ చూడు. నీ పట్టిక నాకు చూపించకు.

కింద నాన్న తనే ఏదో రాస్తానని కలం లాక్కున్నాడు. నాన్న ఉత్తరం రాయడం నేను ఎప్పుడూ చూడలేదు.

తన్మయి

జయా, ఫోటో మంచిగ ఆరబెట్టి పంపుతున్న. కింద ఎడమ అంచుకు ఒక తెల్ల చుక్క ఉన్నది. అది నీ కాల్షియం కాదు. నిజంగ దుమ్మే, మన గల్లీది. నువ్వు చెప్పినవని ముట్టలే. మూడు దినాల సంది కండ్లు మూస్తె అదే కనబడుతున్నది.
— అన్న